టమాటా రైతుకు కేజీ 18, నాకు 50. మధ్యలో 32 రూపాయలు ఎటు పోతున్నాయి?

వంటింటి_లెక్క
మొన్న సాయంత్రం హైదరాబాదు నిజాంపేటలో టమాటా కేజీ 50 పెట్టి కొన్నాను. అదే రాత్రి మా ఆఫీసులో పనిచేసే అమ్మాయితో మాట్లాడుతుంటే, వాళ్ల నాన్న ఆ పొద్దునే మదనపల్లె వైపు ఒక మండీలో క్రేటు 450కి అమ్మారని చెప్పింది. క్రేటు అంటే 25 కేజీలట. అంటే కేజీ 18. నాకు అన్నం సయించలేదు. మధ్యలో 32 రూపాయలు ఎవరికి పోతున్నాయి? "దళారులు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. పొలం నుంచి నా వంటింటి దాకా కాయ ఎన్ని చేతులు మారుతుంది, ఏ చేతిలో ఎంత పడుతుంది? తెలిసినవాళ్లు రూపాయి రూపాయి లెక్క చెప్పండి.

చాయ్_విరామం
32 రూపాయల కోసం సీఐడీ ఎంక్వైరీ మొదలైంది. నేను ముందు వరుసలో కూర్చున్నా, కానివ్వండి.

గుర్రంకొండ_సేద్యం
లెక్క నా దగ్గర ఉందక్కా, పోయిన శుక్రవారం కోతది. రేటు కూడా మీరు చెప్పిందే, క్రేటు 450. ముందు ఒక మాట. ఆ 18 కూడా రైతుకు రాదు.

100 క్రేట్లు కోశాను. అందులో 5 క్రేట్లు జాక్‌పాట్ కింద పోయాయి. మిగిలిన 95కి 42,750. దాంట్లో కమీషన్ నూటికి పది, 4,275. పొలం నుంచి మండీకి బాడుగ క్రేటుకు 20 చొప్పున 2,000. దింపుడు కూలి, చిల్లర ఖర్చులు 600. కోతకు పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చారు, మనిషికి 400, అది 4,800. అన్నీ పోను 31,075 మిగిలింది. మొత్తం 2,500 కేజీలకు పంచి చూడండి. కేజీకి 12 రూపాయల 40 పైసలు.

ఇంకా పంట ఖర్చు తీయలేదు. నారు, మల్చింగ్ పేపరు, డ్రిప్పు, కట్టెలు, దారం, మందులు కలిపి నాకు ఎకరాకు 2 లక్షలు అయింది. వెయ్యి క్రేట్లు వస్తే కేజీకి 8 పడుతుంది. ఆకుముడత తగిలి ఆరు వందలే వచ్చాయనుకోండి, నా లెక్క నేనే చూసుకోలేను.

వంటింటి_లెక్క
అంటే నేనిచ్చిన 50లో నీ చేతికి 12, పంట ఖర్చు తీస్తే నాలుగు రూపాయలు! నేను 18కే బాధపడ్డాను తమ్ముడూ. ఆ జాక్‌పాట్ అంటే ఏమిటి?

గుర్రంకొండ_సేద్యం
వేలంలో పాట పాడి సరుకు కొన్న వ్యాపారి నూటికి ఇన్ని క్రేట్లని డబ్బు కట్టకుండా తీసుకుంటాడు. దారిలో చెడిపోయే కాయకు బదులని చెబుతారు. మా దగ్గర ఐదు, ఇంకోచోట ఇంకో లెక్క. సరుకు బాగున్నా తీస్తారు, బాగాలేకపోయినా తీస్తారు. ఆ ఐదు క్రేట్లకు కూడా నేను నీళ్లు కట్టాను, మందు కొట్టాను, కోత కూలి ఇచ్చాను. కమీషన్ ఎంత తీసుకోవాలో యార్డు బోర్డు మీద రాసి ఉంటుంది. తీసుకునేది వేరు.

మండీ_గుమాస్తా
ఇరవై రెండేళ్లుగా మండీలో పద్దులు రాస్తున్నాను. మా వైపు మాట కూడా వినండి. కలకత్తా వ్యాపారి, రాయపూర్ వ్యాపారి సరుకు ఎత్తుకుపోయి 15 రోజులకు, నెలకు డబ్బు పంపుతారు. రైతుకు మేం అదే రోజో మర్నాడో కట్టాలి. మధ్యలో తిరిగే డబ్బు మాది. ఒక వ్యాపారి ఎగ్గొడితే ఆ దెబ్బ మండీకే, రైతుకు కాదు. ఇక కౌలు రైతుకు పంట అప్పు ఏ బ్యాంకు ఇస్తుంది? నారుకు, కట్టెలకు, మందులకు అడ్వాన్స్ ఇచ్చేది మండీనే. వాన పడి పంట పోతే ఆ అడ్వాన్స్ వచ్చే ఏటికి జరుగుతుంది. పది శాతంలో ఇదంతా ఉంది.

జాక్‌పాట్‌ను మాత్రం నేను సమర్థించను. మా అన్నదమ్ములూ రైతులే.

గుర్రంకొండ_సేద్యం
గుమాస్తా గారూ, మీరు చెప్పిన అడ్వాన్స్ మాట నిజమే, నేనూ తీసుకున్నాను. కానీ తీసుకున్నాక కాయ ఇంకెక్కడికీ తీసుకెళ్లలేను. కోలారులో ఎక్కువ రేటు పలికిన రోజులు ఉన్నాయి. అక్కడ బాక్సు 15 కేజీలు, కేజీ లెక్కకు మార్చి చూసినా ఎక్కువే. అయినా మీ మండీకే తేవాలి. అప్పుకు వడ్డీ అని విడిగా రాసి, కమీషన్ అని విడిగా రాసి చీటీ ఇవ్వండి. దేనికి ఎంత కడుతున్నానో నాకు తెలుస్తుంది. రెండూ కలిపి పది అంటే, అప్పు తీసుకోని మా పెదనాన్న కూడా ఆ పదే కడుతున్నాడు. ఆయన ఏ అప్పుకు వడ్డీ కట్టినట్టు?

మండీ_గుమాస్తా
ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. న్యాయమైన ప్రశ్నే.

లారీ_స్టీరింగ్
మీరిద్దరూ ఆగితే కాయను హైదరాబాదు చేరుస్తా.

పొద్దున వేలం అయిపోతుంది. మధ్యాహ్నం దాకా కాయ ఏరుతారు. పచ్చిది ఒకవైపు, దోరది ఒకవైపు, పండింది ఒకవైపు. కలకత్తా లాంటి దూరానికి పచ్చికాయే ఎక్కిస్తారు, చేరేలోపు దారిలోనే రంగు తిరుగుతుంది. బాగా పండింది మద్రాసుకో బెంగళూరుకో పంపాలి, అంతకంటే దూరం ఆగదు. హైదరాబాదుకు దోరకాయ. సాయంత్రం నాలుగింటికి లోడు కట్టి బయల్దేరితే కదిరి, అనంతపురం, కర్నూలు మీదుగా ఐదు వందల కిలోమీటర్ల పైమాట. తెల్లారుజామున నాలుగింటికల్లా బోయినపల్లి హోల్‌సేల్ మార్కెట్లో ఉండాలి. టైరు పంక్చరై ఆరింటికి చేరామా, కొనేవాళ్లలో సగం మంది వెళ్లిపోయి ఉంటారు. అదే కాయ, అదే క్రేటు, రేటు మాత్రం దిగిపోతుంది. నాకు నిద్ర ఎలా వస్తుంది చెప్పండి.

పది టన్నుల బండికి బాడుగ 35,000. కేజీకి మూడున్నర. ఎక్కువ అనుకోకండి. రానుపోను డీజిలే 20 వేలు దాటుతుంది, టోళ్లు వేరే. తిరుగు ప్రయాణంలో ఖాళీ క్రేట్లు వేసుకొస్తాం. అవి రాకపోతే మర్నాడు కాయ కోసేందుకు డబ్బాలు ఉండవు. ఆ క్రేట్ల సంగతి సిటీలో ఎవరికీ తెలియదు.

చాయ్_విరామం
ఖాళీ క్రేట్లకు కూడా తిరుగు టికెట్ ఉంటుందని నాకు ఈ రోజే తెలిసింది.

కోత_తర్వాత
హార్టికల్చర్ చదువుతున్నాను. లారీ అన్న చెప్పిన ఏరివేత వెనక అసలు విషయం ఇది. కాయ కోసిన తర్వాత కూడా బతికే ఉంటుంది, ఊపిరి తీసుకుంటుంది, వేడి పుట్టిస్తుంది. పండుతున్న కాయ ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, దాంతో పక్క కాయలూ తొందరగా పండుతాయి. అందుకే ఒక క్రేటులో నాలుగు బాగా పండినవి కలిస్తే మొత్తం క్రేటు ఒకటి రెండు రోజులు ముందే మెత్తబడుతుంది.

"కోల్డ్ స్టోరేజీల్లో పెట్టొచ్చు కదా" అని ఎవరో అడుగుతారు, ముందే చెబుతున్నా. ఇది బంగాళాదుంప కాదు. పచ్చి టమాటాకు 12, 13 డిగ్రీలు కావాలి. 10 కంటే దిగితే చలి దెబ్బ తగిలి సరిగ్గా పండదు, మచ్చలు పడతాయి, రుచి పోతుంది. అంత జాగ్రత్తగా పెట్టినా వారాల లెక్కే, నెలలు ఆగదు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టే వాళ్లు కూడా పచ్చివీ దోరవీ బయటే ఉంచండి.

ఇంకొకటి. వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలని రిజర్వ్ బ్యాంకు 2024లో వెలువరించిన పరిశోధనా పత్రం చెప్పింది. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. గుర్రంకొండ అన్నకు జాక్‌పాట్ పోను కేజీకి వచ్చింది 17 రూపాయల 10 పైసలు. 50 రూపాయల్లో అది రూపాయికి 34 పైసలు. ఆయన పద్దు పుస్తకం, రిజర్వ్ బ్యాంకు లెక్క దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. అదే వరుసలో వచ్చిన ఇంకో పత్రంలో పాలకు రైతు వాటా సుమారు 70 పైసలు.

వంటింటి_లెక్క
పాలు ఇంకా తొందరగా పాడవుతాయి కదా! మరి దానికి 70 ఎలా?

కోత_తర్వాత
ఊరికొక పాలకేంద్రం ఉంది. పొద్దునా సాయంత్రం కొలుస్తారు, వెన్న శాతం చూస్తారు, చీటీ ఇస్తారు. వెంటనే చల్లబరిచే ఏర్పాటు ఉంది, సహకార సంఘాలు ఉన్నాయి. పైగా పాలు రోజూ దాదాపు ఒకే లెక్కలో వస్తాయి, ఒకే లెక్కలో అమ్ముడవుతాయి. టమాటాకు ఇవేవీ లేవు.

అల్వాల్_సుబ్బలక్ష్మి
లెక్కల మధ్యలో అడ్డొస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఈ టమాటాల్లో పులుపు ఎందుకు ఉండట్లేదు? పప్పులో నాలుగు వేసినా చింతపండు వేయాల్సి వస్తోంది. మా అమ్మ రెండు కాయలతో ఇంటిల్లిపాదికీ చారు పెట్టేది.

గుర్రంకొండ_సేద్యం
అమ్మా, ఆ నాటుకాయ తోలు పల్చన. క్రేటులో వేసి ఐదు వందల కిలోమీటర్లు పంపితే రసమే చేరుతుంది. లారీలో నలగని కాయకే మండీలో రేటు పలుకుతుంది, కాబట్టి గట్టి తోలు హైబ్రిడ్లే వేస్తాం. మా ఇంటి వాడకానికి మాత్రం పెరట్లో ఆరు నాటు మొక్కలు ఉన్నాయి.

అల్వాల్_సుబ్బలక్ష్మి
అంటే మా చారు పులుపు రోడ్డు పాలైందన్నమాట. సరే నాయనా, నిజం చెప్పావు.

తోపుడుబండి_కొడుకు
అందరి లెక్కా వచ్చింది, ఆఖరి చెయ్యి మాది. కూకట్‌పల్లిలో మా నాన్న తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతాడు. డిగ్రీ అయ్యేదాకా నేనూ పొద్దున్నే వెళ్లేవాణ్ణి.

తెల్లారుజామున మూడింటికి లేచి బోయినపల్లికి. టమాటా నాలుగు క్రేట్లు, 100 కేజీలు. మీరు చెప్పే రేటు రోజున అక్కడ కేజీ 26 ఉంటుంది, అది 2,600. ఆటోలో మా వాటా 200, ఎత్తుడు దింపుడు 60. మొత్తం 2,860. పొద్దున 50 అని అమ్మడం మొదలు. మధ్యాహ్నం దాకా 60 కేజీలు పోతే 3,000. ఎండకు కాయ మెత్తబడుతుంది, సాయంత్రం 30కి దించుతాం. అలా 20 కేజీలకు 600. రాత్రి మెస్ వాళ్లకు పది కేజీలు 15 చొప్పున 150. ఇంకో పది కేజీలు నలిగిపోయి, చితికిపోయి ఆవులకు. మొత్తం వచ్చింది 3,750. మిగిలింది 890. దానికోసం అమ్మా నాన్నా ఇద్దరూ తెల్లారుజాము మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా రోడ్డు మీదే.

50 అనేది పొద్దుటి రేటక్కా. రోజంతా కలిపితే మా నాన్నకు కేజీకి పడేది 37న్నర.

ఒక్క మాట చెప్పాలనుంది. కాయ నొక్కి చూస్తారు, పక్కన పెడతారు. పదిమంది నొక్కిన కాయ సాయంత్రానికి ఎవరూ కొనరు. మా నాన్న ఎవరినీ ఏమీ అనడు, కానీ నేను పక్కనే ఉండి చూశాను. రంగు చూసి తీసుకోండి, నొక్కకండి.

వంటింటి_లెక్క
నేను నొక్కి చూస్తాను. ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఇక చూడను.

18కీ 26కీ మధ్య ఇంకా ఖాళీ ఉంది. గుమాస్తా గారూ, అది మీరే నింపాలి.

మండీ_గుమాస్తా
వ్యాపారికి కాయ 17 చిల్లరకు పడింది. ఏరడం, లోడింగు, క్రేట్ల అరుగుదల, ఏరివేతలో పోయే చెడు కాయ కలిపి కేజీకి 2 వేసుకోండి. లారీకి మూడున్నర. 22న్నర దాటింది. బోయినపల్లిలో అమ్మిపెట్టే వాళ్ల కమీషన్ పోతే వ్యాపారికి కేజీకి రెండు రూపాయలు, అదృష్టం ఉంటే రెండున్నర. పది టన్నుల మీద 20 వేలు వచ్చినట్టే. కానీ అదే రాత్రి ఇంకో ముప్పై లారీలు వస్తే బోయినపల్లిలో 19కి పడిపోతుంది, పదుల వేలు పోతాయి. అన్ని రోజులూ లాభం అనుకోవద్దు.

గోడౌన్_డ్యూటీ
యాప్‌లో 38కే ఇస్తున్నారు కదా, వాళ్లు ఎలా ఇస్తున్నారని ఎవరూ అడగలేదు. నేను అలాంటి ఒక కంపెనీ సేకరణ కేంద్రంలో రెండేళ్లు చేశాను. రైతు దగ్గరే కొంటారు, కరెంటు కాటా, కమీషన్ లేదు, డబ్బు బ్యాంకులో పడుతుంది. అంతవరకు మంచిదే. కానీ మొదటి రకం కాయే తీసుకుంటారు. వంద క్రేట్లు తెస్తే నలభయ్యో యాభయ్యో. మిగతాది రైతు మళ్లీ మండీకి మోసుకెళ్లాలి, మంచి కాయ తీసేసిన సరుక్కి అక్కడ రేటు రాదు. రెండూ కలిపి చూస్తే రైతుకు పెద్ద తేడా ఉండని రోజులు చాలా చూశాను. ఇంకొకటి, ఈ రోజు ఎంత కావాలో రాత్రి పదింటికి మెసేజ్ వస్తుంది. కాయ అప్పటికే కోసి ఉంటుంది.

శాబాద్_తోట
అందరూ రైతుబజారును మరిచిపోయారా? 1999 జనవరి 26న మొదలైనప్పుడు మా నాయన మెహిదీపట్నం రైతుబజారుకు గంపలు మోసినవాడు. ఇప్పుడు నేను పోతున్న. గుర్తింపు కార్డు ఉంది, రోజూ ధర బోర్డు మీద రాస్తరు, కమీషన్ లేదు. మధ్యలో చేతులు లేవు. బయట 50 ఉన్న రోజు అక్కడ 36, 38కి అమ్మిన, అదంతా నాదే. ఇంతకన్న సీదా తొవ్వ ఏముంది?

గుర్రంకొండ_సేద్యం
శాబాద్ అన్నా, మీకు నలభై యాభై కిలోమీటర్లు. నాకు ఐదు వందలు. మీరు రోజుకు ఎన్ని కేజీలు అమ్మగలరు?

శాబాద్_తోట
నూటయాభై, పండగ రోజుల్లో రెండు వందలు. అది నిజమే, అంతకు మించి కూసోని అమ్మలేను. నేను బజారులో ఉన్న రోజు తోటలో నా పెండ్లామే అన్నీ చూసుకోవాలె. ఆ కూలి నేను ఎన్నడూ లెక్క కట్టలేదు, ఇప్పుడు నీ పద్దు చూసినంక కట్టాలనిపిస్తున్నది. ఇంకోటి, మా దిక్కు టమాటా చలికాలం పంట. ఎండాకాలం మా దగ్గర నీళ్లూ ఉండవు, కాయా నిలవదు. అప్పుడు హైదరాబాదును సాకేది మదనపల్లె, కోలారే.

పత్తికొండ_పొలం
ఎవరు ఎంత తీసుకుంటున్నారని ఇంతసేపు మాట్లాడారు. నన్ను ముంచింది వాటా కాదు, రేటు ఊగిసలాట. 2023 జులై గుర్తుందా? చాలా నగరాల్లో కేజీ 200 దాటింది. కేంద్రం నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే సహకార సంస్థల చేత మన దగ్గరా, కర్ణాటకలో, మహారాష్ట్రలో కొనిపించి ఢిల్లీ వైపు 90కి, తర్వాత 80కి, 70కి అమ్మించింది. ఏపీ రైతుబజార్లలో 50కి ఇచ్చారు. కోట్లు సంపాదించిన రైతుల వార్తలు టీవీల్లో చూసి మా ఊళ్లో వేరుశనగ వేసే వాళ్లు కూడా టమోటా నాటారు. నేనూ రెండెకరాలు నాటాను. సెప్టెంబరులో కాయ వచ్చేసరికి మా దగ్గర క్రేటు 100. కోత కూలి, బాడుగ పోతే చేతి నుంచి పడుతుంది. మూడో కోత నేను కోయలేదు. గొర్రెలను తోలాను తోటలోకి. మా అమ్మ ఆ రోజు పొలానికి రాలేదు.

రేటు పెరిగినప్పుడు సిటీ కోసం అందరూ పరుగెత్తారు. పడినప్పుడు మా గట్టు మీదికి ఎవరూ రాలేదు.

అల్వాల్_సుబ్బలక్ష్మి
చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను బాబూ.

కోత_తర్వాత
పత్తికొండ అన్న చెప్పింది అన్నిటికంటే పెద్ద విషయం. నాటాక 65, 70 రోజులకు తొలి కోత వస్తుంది. అంటే ఈ రోజు రేటు చూసి నాటితే అమ్మేది రెండు నెలల తర్వాతి రేటుకు. అందరూ ఒకే రేటు చూసి నాటుతారు, కాయంతా ఒకేసారి మీద పడుతుంది. 2018-19 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు, రవాణాకూ నిల్వకూ సగం సబ్సిడీ. కాయ పండాక చేసే సాయం అది. నాటే ముందు ఎవరైనా చెప్పాలి కదా?

నాకు తోచింది చెబుతాను. ఇప్పుడు దాదాపు అందరూ నారు నర్సరీల్లోనే కొంటున్నారు. ఏ నర్సరీకి ఎన్ని లక్షల మొక్కల ఆర్డరు వచ్చిందో వారం వారం బయటపెడితే చాలు, ఎంత కాయ రాబోతోందో మూడు నెలల ముందే తెలిసిపోతుంది.

గుర్రంకొండ_సేద్యం
ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది. మా ఊరి నర్సరీ ఆయన్ను అడిగితే ఇప్పటికీ చెబుతాడు, "ఈసారి అందరూ టమోటానే రాయిస్తున్నారు, నువ్వు బీన్స్ వేసుకో" అని. కానీ ఒక్క నర్సరీ లెక్కతో ఏం తెలుస్తుంది? మా వైపు, కోలారు, చింతామణి, అనంతపురం, అన్నీ కలిపి చూడాలి.

మండీ_గుమాస్తా
సర్కారు ఫ్యాక్టరీలు పెడితే ఈ గొడవ ఉండదు కదా. సాస్ చేస్తారు, గుజ్జు చేస్తారు.

కోత_తర్వాత
లారీలో నలగకుండా పెంచిన కాయకూ గుజ్జుకు కావలసిన కాయకూ తేడా ఉందండీ. ఫ్యాక్టరీకి చిక్కటి గుజ్జు, ఎక్కువ ఘనపదార్థం ఉన్న రకం కావాలి. మనం కూరకు వేసే రకంలో నీరు ఎక్కువ, మరిగించడానికి ఇంధనం ఎక్కువ ఖర్చు. రేటు పడిన నెలలో కొంత కాయను లాగుతుంది, అంతే. రేటు లేచిన నెలలో ఫ్యాక్టరీకి ఎవరూ కాయ ఇవ్వరు.

వంటింటి_లెక్క
మీ మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. లారీ, ఏరివేత, తోపుడు బండి కష్టం, చెడిపోయే కాయ, ఇవి నేను కట్టాల్సిన డబ్బే. జాక్‌పాట్ మాత్రం ఎటు తిప్పి చూసినా నాకు మింగుడుపడలేదు, వడ్డీ కలిపేసిన కమీషన్ కూడా.

మా అపార్ట్‌మెంట్‌లో 120 ఇళ్లు. గుర్రంకొండ తమ్ముడూ, పది క్రేట్లు నేరుగా పంపగలవా? ముందు ఒక్కసారి చూద్దాం.

గుర్రంకొండ_సేద్యం
కోతలు ఇంకా మూడు వారాలు ఉంటాయి. ఆ పది క్రేట్లు అడ్వాన్స్ లెక్కలోవి కావని మండీలో ముందే చెప్పి తీస్తాను, మోసం చేశాడన్న మాట నాకు వద్దు. కేజీ 24 ఇవ్వండి. కాయ ఏరి, దోరవీ పచ్చివీ విడిగా పెట్టి పంపుతాను.

లారీ_స్టీరింగ్
మంగళవారం నా బండే వస్తోంది. బోయినపల్లిలో దించుతా, అక్కణ్నుంచి మీ ఆటో. నా బాడుగ మామూలు లెక్కే. ఖాళీ క్రేట్లు మాత్రం గురువారానికి నాకు తిరిగి రావాలి.

చాయ్_విరామం
మొదలైనప్పుడు ఎంక్వైరీ, ఇప్పుడు పెళ్లి మాటల్లా ఉంది. ఏమైందో చెప్పకుండా ఎవరూ మాయమవకండి.

వంటింటి_లెక్క
పది రోజుల తర్వాత రాస్తున్నాను, జరిగింది జరిగినట్టు.

250 కేజీలు వచ్చాయి. రైతుకు 24, లారీ, ఆటో కలిపి 6, కవర్లూ కాటా అన్నీ వేసి ఇంటికి 32కి ఇచ్చాం. వీధిలో అప్పుడు 48. ముందు 70 ఇళ్లు పేర్లిచ్చాయి, తీసుకున్నవి 52. మొదటి రోజే 170 కేజీలు పోయాయి. మిగిలిన 80 కేజీలు మా పార్కింగ్‌లో ఉన్నాయి. ఎండ, దోమలు. రెండో రోజుకు పైవి మెత్తబడుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. తోపుడు బండి తమ్ముడికి ఫోన్ చేస్తే వాళ్ల నాన్నగారు స్వయంగా వచ్చారు. క్రేటు బోర్లించి పది నిమిషాల్లో మూడు కుప్పలు చేశారు. ఇవి ఈ రోజు, ఇవి రేపు, ఇవి ఎల్లుండి అని. 60 కేజీలు 22కి తీసుకెళ్లారు. మిగతావి మేం ఊరగాయ పెట్టుకున్నాం. ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైంది, ఆయన్ను తీసేసి నేను మిగుల్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. ఆ పని ఎవరో ఒకరు చేయాలి, నాకు చేతకాదు.

వచ్చే వారం నుంచి ఆయన్నే మా గేటు దగ్గరికి రమ్మన్నాం. కాయ తమ్ముడి పొలం నుంచి, అమ్మేది ఆయన. 36కి ఒప్పుకున్నాం.

తోపుడుబండి_కొడుకు
నాన్న ఇంటికొచ్చి చెప్పిన మొదటి మాట, "అక్కడ ఎవరూ నొక్కలేదురా" అని.

లారీ_స్టీరింగ్
క్రేట్లు తొమ్మిదే వచ్చాయి. పదోది ఎక్కడుంది?

వంటింటి_లెక్క
మూడో అంతస్తులో ఎవరో పాత పేపర్లు వేసుకున్నారు. రేపు పంపిస్తాను అన్నా. గుర్రంకొండ తమ్ముడూ, ఈ మూడు వారాల తర్వాత సంగతి ఏమిటి?

గుర్రంకొండ_సేద్యం
ఈ తోట అయిపోతుందక్కా. మళ్లీ నారు రాయించేది వచ్చే నెల. నర్సరీలో 25 రోజులు, నాటాక రెండు నెలల పైన. మీకు వారానికి పది క్రేట్లు, ఎనిమిది వారాలు అంటే రెండు టన్నులు. మొక్కకు నాలుగు కేజీలు వేసుకున్నా ఐదు వందల మొక్కలు. మీ ఇళ్లన్నిటికీ కలిపి నా చేలో నాలుగైదు సాళ్లు. రాయించే ముందు రోజు ఇక్కడే పోస్టు పెడతా. ఎన్ని ఇళ్లో లెక్క ఇవ్వండి, దాన్ని బట్టి మొక్కలు చెబుతాను. సుబ్బలక్ష్మమ్మకు మాత్రం రెండు నాటు మొక్కలు ఎక్కువ వేస్తాను, ఆ కాయ లారీలో కాదు, హైదరాబాదు వచ్చినప్పుడు నేనే తెచ్చిస్తా.

అల్వాల్_సుబ్బలక్ష్మి
చారు నేను పెడతాను. భోజనానికి ఉండేట్టు రా నాయనా.